తడి తగలకూడని చేతులు

మా మేనమామ గొప్పతనం తెలియాలంటే ముందు సోడియం హైడ్రైడ్ సంగతి తెలియాలి. ఎందుకంటే ఆయన గొప్పతనమంతా దాని దగ్గర అరువు తెచ్చుకున్నదే.

అదొక బూడిదరంగు పొడి. ఉత్తినే వదిలేస్తే గాలిలో ఉన్న తేమకే చెడిపోతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది కూడా. అందుకని నూనె కలిపి, గాలి చొరని సంచుల్లో మూసి ఫ్యాక్టరీలకు పంపుతారు. మందులు తయారుచేసేచోట దానితో పెద్ద పనే ఉంది. కొన్ని అణువులు తమ హైడ్రోజన్‌ను ఎంత బతిమాలినా వదలవు. అది వదిలితే గానీ వాటికి ఇంకో ముక్క అతకదు. అలాంటి చోట హైడ్రైడ్ వేస్తారు. అది చాలా బలమైన క్షారం. ఎదుటి అణువు నుంచి ప్రోటాన్‌ను లాక్కుంటుంది, ఆ రెండూ కలిసి హైడ్రోజన్ వాయువై బుడగలు బుడగలుగా పైకి పోతాయి. అంతవరకూ బుద్ధిగానే ఉంటుంది. నీళ్లు కనిపిస్తే మాత్రం దానికి ఒళ్లు తెలియదు. బుస్సుమంటుంది, కాగిపోతుంది, పుట్టిన వాయువు భగ్గుమంటుంది.

ఈ చివరి ముక్క ఒక్కటే మామయ్యకు పనికొచ్చింది. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆయన ఇల్లు ఏలాడు.

అత్తెసరు మార్కులతో కెమిస్ట్రీ డిగ్రీ గట్టెక్కి, ఊరి చివర మందుల ఫ్యాక్టరీలో చేరాడు. పెళ్లైన కొత్తలోనే ఆయన్ను హైడ్రైడ్ గదిలో వేశారు. పొడి తూచి, నైట్రోజన్ నింపిన పెద్ద పాత్రలోకి కొంచెం కొంచెంగా వదలడం ఆయన పని. ముఖానికి అడ్డంగా కవచం, చేతులకు మందపాటి గ్లవ్స్ వేసుకోవాలి. ఒకరోజు ఎండ మండిపోతుంటే, ఉక్కపోస్తోందని కవచం పైకెత్తి, గరిట మీదకు వంగాడు. నుదుటి మీది చెమట చుక్క సరిగ్గా పొడిలో పడింది. గుప్పుమంది. పక్కనున్నతను ఇసుక బకెట్ కుమ్మరించాడు కాబట్టి మంట గరిటతోనే ఆగింది. మామయ్యకు పోయినవి రెండు కనుబొమ్మలు మాత్రమే.

ఆ సాయంత్రం కనుబొమ్మలు లేని ముఖంతో గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసి అత్తయ్య ఘొల్లుమంది. కుర్చీలో కూర్చోబెట్టి, విసిరి, తినిపించి, ఆయన్ను కదలనివ్వలేదు. పొయ్యి వెలిగిస్తుంటే కూడా మామయ్య ఉలిక్కిపడ్డాడట. ఆ భయం నిజమైనదే. దాన్ని నేను వెక్కిరించను. మంట ముఖం మీదికి వస్తే ఎవరికైనా గుండె జారుతుంది. కానీ భయం కొద్దిరోజుల్లో తగ్గిపోయింది. అలవాటైన సుఖం మాత్రం తగ్గలేదు.

కనుబొమ్మలు మళ్లీ మొలుస్తున్న రోజుల్లో అత్తయ్య ఆయన్ను ఒక బిందె నీళ్లు పట్టిపెట్టమని అడిగింది. మామయ్య చేతులు రెండూ వెనక్కి దాచుకున్నాడు.

"ఇల్లు తగలబెట్టాలనుందా నీకు?"

"ఏమైందండీ?"

"గోళ్ల సందుల్లో ఉంటుందే అది. కంటికి కనపడదు. నీళ్లు తగిలాయంటే అంతే సంగతులు."

"సబ్బుతో కడిగితే పోదా?"

"సబ్బుతో కడగాలంటే నీళ్లు వద్దూ? చదువుకున్నావా అసలు?"

అత్తయ్య చదువుకుంది. చరిత్ర చదివింది. రాజులూ యుద్ధాలూ తెలుసుగానీ హైడ్రైడ్ తెలియదు. పైగా ఆ కనుబొమ్మల సాక్ష్యం కళ్ల ముందే ఉంది. నమ్మింది.

ఆ రోజుతో మామయ్యకు నీళ్లతో రుణం తీరింది. నీళ్లు లేకుండా ఇంట్లో జరిగే పనేముంది? అంట్లు తోమడం లేదు, బట్టలు జాడించడం లేదు, నేల తుడవడం లేదు, కూర కడగడం లేదు, చివరికి కుండీలో మొక్కకు ఇన్ని నీళ్లు పోయడం కూడా లేదు. చెంచాతో తినేవాడు. తిన్నాక మూతి తుడుచుకోవడానికి పొడిగుడ్డ అత్తయ్యే అందించేది. మామూలు రోజుల్లో ఫ్యాక్టరీలోనే "ప్రత్యేకమైన పద్ధతిలో" స్నానం చేయిస్తారని చెప్పేవాడు. ఆ పద్ధతేమిటని ఎవరూ అడగలేదు. సెలవు రోజున మాత్రం అత్తయ్య ఆయన చేతులకు రెండు ప్లాస్టిక్ సంచులు తొడిగి, మణికట్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసేది. ఆ సంచుల చేతులతో ఆయన చెంబు పట్టుకుని, ఏదో యుద్ధానికి వెళుతున్నవాడిలా గంభీరంగా స్నానాలగదిలోకి నడిచేవాడు. చిన్నప్పుడు నేను ఆ దృశ్యం చూడటానికే సెలవు పొద్దున్నే వాళ్లింటికి పరిగెత్తేదాన్ని. మా ఇల్లు పక్క సందులోనే.

వీధిలో అందరూ ఆయన్ను "హైడ్రైడాయన" అనేవారు. ఆ పేరు వినపడితే మామయ్య మెడ కాస్త నిటారుగా అయ్యేది. చినుకు పడితే చాలు, చేతులు చంకల్లో దోపుకుని, మొహం సీరియస్‌గా పెట్టుకుని, పరిగెత్తీ పరిగెత్తనట్టుగా ఇంటికి చేరేవాడు. పిల్లలు దారి ఇచ్చేవారు. ఎవరింట్లోనైనా పంపు పాడైందనో, డాబా మీదికి నీళ్లు మోయాలనో సాయం అడిగితే, అడిగినవాళ్లే నాలుక కరుచుకుని "అయ్యో, మీరు ముట్టుకోకూడదు కదూ" అనేవారు. ఆయన బాధగా తల ఊపేవాడు. అంత బాధ ఎలా నటించాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఫ్యాక్టరీవాళ్లెవరూ మా వీధిలో లేకపోవడం ఆయన అదృష్టం.

తర్వాత కూతురు పుట్టింది. నాకు మరదలు. పసిపిల్ల ఎప్పుడు తడుపుతుందో ఎవరికి తెలుసు? అందుకని మామయ్య ఆ పిల్లను ఎత్తుకోలేదు. ఒళ్లో నాలుగు మడతల దుప్పటి పరుచుకుని, చేతులు కుర్చీ చేతుల మీద పెట్టుకుని, పిల్లను ఒళ్లో పడుకోబెట్టమనేవాడు. కాస్త కదిలిందంటే "తీసెయ్ తీసెయ్" అని కేక. మాటలు రాకముందే ఆ పిల్లకు తండ్రి దగ్గర ఎంత దూరంలో నిలబడాలో తెలిసిపోయింది. ముక్కు కారుతుంటే దగ్గరికి వచ్చేది కాదు. ఏడుస్తుంటే అసలే వచ్చేది కాదు. "నాన్నకి కన్నీళ్లు తగలకూడదు" అని వచ్చిన చుట్టాలకు తనే ముద్దుగా చెప్పేది. చుట్టాలు "ఎంత తెలివో!" అని మురిసిపోయేవారు.

ఆ పిల్లకు ఒకసారి బాగా జ్వరం వచ్చింది. ఒళ్లంతా చెమటలు. ఆరోజు వాన తుంపర, బస్సుల్లేవు, ఆటో దొరకలేదు. అత్తయ్య పీచులాంటి మనిషి. బడికెళ్లే వయసు పిల్లను భుజాన వేసుకుని ఆస్పత్రి దాకా నడిచింది. మధ్యలో రెండుసార్లు ఎవరింటి అరుగు మీదో కూర్చుని ఆయాసం తీర్చుకుంది. మామయ్య వెనకే నడిచాడు. ఊరికే నడిచాడని అనకూడదు. గొడుగు పట్టాడు. అదీ తనకే పట్టుకున్నాడు, తన చేతుల కోసం.

ఇంక అమ్మమ్మ సంగతి. ఆవిడ కొడుకు దగ్గరే ఉండేది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక ఒళ్లు తుడవడం, బట్టలు మార్చడం, పక్క శుభ్రం చేయడం అన్నీ అత్తయ్యా, మా అమ్మా వంతులు వేసుకుని చేశారు. మామయ్య గుమ్మంలో నిలబడి సలహాలిచ్చేవాడు. "వీపు సరిగ్గా తుడవండి, పుండ్లు పడతాయి" అనేవాడు. ఒకరోజు నేను బడి నుంచి నేరుగా అక్కడికి వెళ్లాను. అత్తయ్య పెరట్లో బట్టలు ఉతుకుతోంది. గదిలో అమ్మమ్మ మంచం పక్కనే మామయ్య కూర్చుని ఉన్నాడు. నీళ్ల కూజా బల్ల మీద, ఆయన మోచేతికి ఆనుకుని ఉంది.

"నీళ్లు... నాన్నా, నీళ్లు" అంటోంది అమ్మమ్మ.

"ఏమే! అమ్మ నీళ్లడుగుతోంది!" అని ఆయన పెరటివైపు కేకపెట్టాడు. పంపు చప్పుడులో అత్తయ్యకు వినపడలేదు. మళ్లీ కేకపెట్టాడు. కూజా వైపు మాత్రం చూడలేదు.

నేను సంచీ కింద పడేసి గ్లాసులో నీళ్లు పోసి తాగించాను. తాగి, వంకరపోయిన నోటితో అమ్మమ్మ నాతో అన్న మాట ఇది: "వాడి చేతులు జాగ్రత్తమ్మా. పొరపాటున తడి తగలనీకు."

ఆవిడ పోయేవరకూ ఆ బెంగతోనే ఉంది. తన కాళ్లూ చేతులూ పడిపోయాయని కాదు, కొడుకు చేతులు ఏమైపోతాయోనని.

నేను కాలేజీలో కెమిస్ట్రీయే తీసుకున్నాను. మామయ్యను చూసి తీసుకున్నానని ఆయన అందరికీ చెప్పుకున్నాడు. ఒకవిధంగా నిజమే. రెండో ఏడాదిలో బలమైన క్షారాల పాఠం వచ్చింది. సోడియం హైడ్రైడ్ పేరు వినగానే నిటారుగా కూర్చున్నాను. పాఠమయ్యాక లెక్చరర్ దగ్గరికి వెళ్లి, అది గోళ్లలో ఇరుక్కుంటే ఎన్నాళ్లుంటుందని అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఎన్నాళ్లేమిటి? చర్మం మీద తడి ఉంటుంది, గాలిలో తేమ ఉంటుంది. రవ్వంత పొడి ఎంతసేపు బతుకుతుంది? చురుక్కుమంటుంది, అయిపోతుంది" అంది.

ఆ సాయంత్రమే మామయ్యను అడిగాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, నావైపు జాలిగా చూశాడు.

"పుస్తకాల్లో హైడ్రైడ్ వేరు, ఫ్యాక్టరీలో హైడ్రైడ్ వేరమ్మా. మీరు చూసేది చిటికెడు. మేం చూసేది బస్తాలు."

"బస్తాలైతే మాత్రం దాని గుణం మారుతుందా మామయ్యా?"

"అనుభవం మీద తెలుస్తుందిలే. ఏమే, దీనికి కాఫీ ఇయ్యి. నాకూ ఇయ్యి."

అత్తయ్య తెచ్చి ఇచ్చింది. ఖాళీ కప్పులు తీసుకెళ్లి కడిగింది.

ఆ తర్వాత కొన్నేళ్లకు మా వీధి చివరి ఇంట్లోకి ఫ్యాక్టరీ బస్సు డ్రైవరు కుటుంబం అద్దెకు వచ్చింది. డ్రైవరు భార్య మాటకారి. ఫ్యాక్టరీ పెట్టిన రోజని ఏటా ఉద్యోగుల ఇళ్లవాళ్లను పిలిచి అంతా తిప్పి చూపిస్తారనీ, భోజనాలు పెడతారనీ, పిల్లలకు ఆటల పోటీలు కూడా ఉంటాయనీ ఆవిడే చెప్పింది. "ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదా?" అని ఆశ్చర్యపోయింది.

అత్తయ్య అడిగితే మామయ్య కొట్టిపారేశాడు. "మా వైపు ఎవర్నీ రానివ్వరు. ఆడవాళ్లూ పిల్లలూ అడుగుపెట్టే చోటు కాదది."

అత్తయ్యకు మాత్రం మనసులో ఒకటుంది. మామయ్యకు వయసు మీదపడుతోంది. ఆ ప్రమాదం గదిలోంచి తప్పించి ఏదైనా తేలిక పని ఇవ్వమని మేనేజరు కాళ్లు పట్టుకోవాలని ఆవిడ ఆశ. ఆ రోజు మామయ్య పొద్దున్నే వెళ్లిపోయాక, దాచుకున్న మంచి చీర కట్టుకుని, నన్నూ మరదల్నీ వెంటబెట్టుకుని డ్రైవరు భార్యతో బస్సెక్కింది. దారి పొడవునా మేనేజరుతో చెప్పాల్సిన మాటలు పెదవుల్లో వల్లె వేసుకుంటూనే ఉంది.

గేటు దగ్గర మా తలలకు కాగితం టోపీలు పెట్టారు. పొడుగాటి వరండా, గోడల నిండా పైపులు, ఘాటైన ద్రావకాల వాసన. ఒక తలుపు మీద పంపు బొమ్మ గీసి దాని మీద ఎర్రటి అడ్డగీత కొట్టి ఉంది. పక్కన వరసగా ఇసుక బకెట్లు. అత్తయ్య ఆ బొమ్మను చూడగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇదేనే, మీ మామయ్య గది" అంది గుసగుసగా.

లోపల పొట్టిగా, కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ ఉంది. ఆ గదికి ఇన్‌ఛార్జి ఆవిడేనట. చూడవచ్చినవాళ్లను అద్దం వెనక నిలబెట్టి, రేకు పళ్లెంలో రవ్వంత పొడి వేసి, పొడవాటి గొట్టంతో ఒక్క నీటిచుక్క వదిలింది. బుస్సుమని మంట లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తయ్యకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడకు గుర్తొచ్చింది ఏమిటో నాకు తెలుసు. జనం కాస్త పలచబడ్డాక ఆ ఇన్‌ఛార్జి దగ్గరికి వెళ్లింది.

"మరి గోళ్లలో మిగిలిపోతే ఎలాగండీ?"

"గోళ్లలోనా? గ్లవ్స్ ఉంటాయి కదమ్మా. ఖర్మకాలి మీద పడినా, గబుక్కున దులిపేసి బోలెడన్ని నీళ్లతో కడిగేసుకోవడమే."

"ఇంటికెళ్లాక నీళ్లు ముట్టుకోవచ్చా మీరు?"

ఆవిడ ఫక్కున నవ్వింది. "ముట్టుకోకపోతే మా ఇంట్లో అంట్లు ఎవరు తోముతారండీ?"

అత్తయ్య నవ్వలేదు. "మావారు కూడా ఈ గదిలోనే చేస్తారు" అని, ఆయన ఎలా ఉంటారో చెప్పింది. ఇన్‌ఛార్జి కాసేపు ఆలోచించింది.

"ఆయనా! లేబుళ్లాయన కదూ? ఈ గదిలో కాదమ్మా, వెనక లేబుల్ సెక్షన్లో. నేనిక్కడ చేరేనాటికే ఆయన అక్కడున్నారు. ఈ గది ముందు నుంచి కూడా నడవరు పాపం, చుట్టూ తిరిగి వెళతారు."

అత్తయ్య బయటికి నడిచింది. మేం వెనకే వెళ్లాం.

లేబుల్ సెక్షన్ ఒక పెద్ద రేకుల షెడ్డు. డ్రమ్ముల వరసలు. అప్పట్లో లేబుళ్లకు వెనకవైపు ఎండిన జిగురు ఉండేది. తడిపి అంటించాలి. బల్ల ముందు మామయ్య కూర్చుని ఉన్నాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. ఎదురుగా వెడల్పాటి నీళ్ల గిన్నె. రెండు చేతులూ అందులో ముంచి స్పాంజి పిండి, లేబుల్ తడిపి, డ్రమ్ముకు అంటించి, అరచేత్తో సాపు చేసి, మళ్లీ గిన్నెలో ముంచుతున్నాడు. నానిపోయిన వేళ్లు ముడతలు పడి తెల్లగా ఉన్నాయి.

మమ్మల్ని ముందు చూసింది పక్క బల్ల దగ్గరున్న ముసలాయన. "ఎవరమ్మా? ఓహో, ఆయన ఇంటివాళ్లా! రండి రండి" అని సంబరంగా లేచాడు. "మీ ఆయన తడి చెయ్యి పడితే లేబుల్ ఊడదమ్మా. వానలో పెట్టినా ఊడదు. మొదట్లో ఆ మంట చూసి జడుసుకుని ఇక్కడికొచ్చాడు, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనే ఊరడించి పక్కన కూర్చోబెట్టుకున్నా. అప్పటినుంచీ ఈ గిన్నె దగ్గరే!"

మామయ్య చేతులు ఇంకా నీళ్లలోనే ఉన్నాయి. తీయాలో వద్దో తెలియనట్టు అలాగే ఉంచాడు.

"అది... ఇవాళ మనిషి తక్కువైతే, కాస్త సాయం పట్టమన్నారు" అన్నాడు.

ముసలాయన తెల్లబోయి మా ముఖాల వంక చూశాడు. అత్తయ్య గిన్నెలోని చేతుల్ని చాలాసేపు చూసింది. తర్వాత మరదలి భుజం మీద చెయ్యేసి వెనక్కి తిప్పింది. మేం భోజనాలకు ఆగలేదు. మేనేజరును కలవలేదు. ఇంక ఆయనతో చెప్పడానికేముంది?

సాయంత్రం మామయ్య ఇంటికి వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను. ఆయన కోపాన్ని ముందే సిద్ధం చేసుకుని వచ్చాడు.

"నలుగురిలో నా పరువు తీయడానికి వచ్చారా?"

"మీ పరువు ఆ గిన్నెలో నానుతోంది" అంది అత్తయ్య. "మేం తీయలేదు."

అంతకుముందు ఆవిడ అలా మాట్లాడటం నేను వినలేదు. మామయ్య కూడా వినలేదు కాబోలు, కుర్చీలో కూలబడ్డాడు. కోపం పనిచేయలేదని తెలిశాక గొంతు మార్చాడు.

"భయం వేసిందే. నీకేం తెలుసు ఆ మంట? ఆ గది తలుపు దాకా పోయి వెనక్కి వచ్చేసేవాణ్ణి."

"భయం వేస్తే వేసిందని చెప్పొచ్చుగా. పని మార్చుకున్నానని చెప్పొచ్చుగా. నేనేమైనా వద్దన్నానా?"

"చెప్తే ఇవన్నీ చేసేదానివా నువ్వు?"

ఆ ఇంట్లో ఆయన ఎన్నేళ్ల తర్వాతో ఆడిన నిజం అదొక్కటే. అదీ నోరు జారి.

"చేసేదాన్ని కాదు" అంది అత్తయ్య.

మరదలు అంతవరకూ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. డిగ్రీకి వచ్చిన పిల్ల. ఏడవలేదు. ఆ పిల్లకు ఏడుపు ఎప్పుడు ఆపాలో చిన్నప్పుడే నేర్పేశారు.

"నాకు జ్వరం వచ్చినరోజు కూడా ఆ నీళ్లలో చేతులు పెట్టి పనిచేసే ఇంటికొచ్చావా నాన్నా?"

మామయ్య చేతులు ఒళ్లోకి లాక్కున్నాడు. మరదలు లోపలికి వెళ్లి చదువుకుంటూ కూర్చుంది. తర్వాత కూడా తండ్రితో మర్యాదగానే మాట్లాడేది, ఇంట్లో అద్దెకున్నవాళ్లతో మాట్లాడినట్టు.

సంగతి తెలిసి చుట్టాలు వచ్చారు. మా వాళ్లకు న్యాయం చెప్పడమంటే సరదా. "చిన్న అబద్ధానికి ఇంత రాద్ధాంతమా?" అన్నారు ఒకరు. "తాగుబోతా, తిరుగుబోతా? కాస్త పని తప్పించుకున్నాడు, అంతేగా" అన్నారు ఇంకొకరు. అలా అన్నవాళ్లంతా అత్తయ్య చేతి కాఫీ తాగుతూనే అన్నారు. మా అమ్మ మాత్రం తమ్ముడి ఎదురుగా కూర్చుంది. "అమ్మ పోయేదాకా నీ చేతులు తలుచుకుని ఏడ్చిందిరా" అంది.

"నేనేం ఏడవమన్నానా అక్కా?" అన్నాడు మామయ్య.

అమ్మ లేచి చెప్పులు వేసుకుంది. ఆ తర్వాత చాలాకాలం తమ్ముడి గుమ్మం తొక్కలేదు. అత్తయ్యే మా ఇంటికి వచ్చేది.

అత్తయ్య ఇల్లు వదిలిపోలేదు, కేకలు వేయలేదు. ఆయన పనులు ఆపేసింది. తనకూ కూతురికీ వండుకుంది, తమ ఇద్దరి కంచాలూ కడుక్కుంది, తమ బట్టలు ఉతుక్కుంది. మామయ్య రెండు రోజులు అలిగాడు. మూడోరోజు ఆకలేసింది. వంటగదిలో ఏ డబ్బాలో ఏముందో తెలియక ఒక్కొక్కటీ మూత తీసి వాసన చూస్తుంటే మరదలు "ఉప్పు మూడోది" అని చెప్పి వెళ్లిపోయింది. ఆ పూట ఆయన వండుకున్నదాన్ని వీధి కుక్క కూడా మూతి పెట్టి తీసేసింది. ఇది నేను అతిశయంగా చెప్పడం లేదు, కళ్లారా చూశాను.

డ్రైవరు భార్య సాయంతో అత్తయ్య ఫ్యాక్టరీలోనే యూనిఫాం విభాగంలో చేరింది. ఉద్యోగుల బట్టలు లెక్కచూసి లాండ్రీకి పంపే పని. చదువుకున్న మనిషి కాబట్టి త్వరగానే ఆ విభాగం ఆవిడ చేతికిందికి వచ్చింది. అక్కడే హైడ్రైడ్ గది ఇన్‌ఛార్జితో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి మధ్యాహ్నం తినేవారు, సెలవుల్లో ఊళ్లు తిరిగేవారు. ఒకే ఫ్యాక్టరీకి మొగుడూ పెళ్లాలు చెరొక బస్సులో వెళ్లడం మా వీధికి కొన్నాళ్లు మంచి కాలక్షేపం.

మామయ్య రిటైరైన రోజున మేనేజరు దండ వేసి, ఒక్క ప్రమాదమూ లేకుండా పనిచేసిన మనిషని పొగిడాడు. జిగురు లేబుళ్లతో ఏం ప్రమాదం జరుగుతుందో మరి. మామయ్య మైకు అందుకుని "హైడ్రైడ్ లాంటి భయంకరమైన పదార్థం మధ్య జీవితం గడిపాను" అని మొదలుపెట్టాడు. కింద కూర్చున్నవాళ్లందరికీ సంగతి తెలుసు. అయినా చప్పట్లు కొట్టారు. మనవాళ్లు మెడలో దండ పడ్డవాడికి చప్పట్లు కొట్టేస్తారు, అదొక అలవాటు. ఇన్‌ఛార్జి మాత్రం చేతిలో ఉన్న నీళ్ల సీసా మూత తీస్తూ బిగిస్తూ కూర్చుంది. అత్తయ్య రాలేదు. ఆ రోజు ఆవిడకు యూనిఫాంల లోడు రావాల్సి ఉంది.

ఇప్పుడు ఆయన ఇంట్లోనే ఉంటున్నాడు. పనులు నేర్చుకున్నాడు. నేర్చుకోక ఏం చేస్తాడు? నీళ్లు పడతాడు, అంట్లు తోముతాడు, బట్టలు జాడిస్తాడు. ఇందులో మెచ్చుకోవడానికేమైనా ఉందా అని ఆలోచించాను. ఆయన నాకంత అవకాశం ఇవ్వలేదు. తోమిన ప్రతి గిన్నెకూ వీధిలో చాటింపు వేసుకుంటున్నాడు. మెట్ల మీద నిలబడి, వచ్చేపోయేవాళ్లకు వినపడేలా "మా ఇంట్లో పనంతా నేనేనండీ. ఆవిడ ఉద్యోగానికి వెళుతుంది కదా, ఆడవాళ్లను కష్టపెట్టకూడదు" అంటాడు. హైడ్రైడాయన పేరు పోయింది. కొత్తగా వీధిలోకి వచ్చినవాళ్లు ఆయన్ను "మంచాయన" అంటున్నారు. అత్తయ్య అన్నేళ్లు ఒంటి చేత్తో చేసినప్పుడు ఆ పనికి ఏ పేరూ లేదు.

పోయిన వారం నేను వెళ్లేసరికి అత్తయ్య అప్పుడే బస్సు దిగి వస్తోంది. మెట్ల దగ్గర కొత్తగా వచ్చిన పొరుగావిడ ఆపింది.

"ఎంత అదృష్టవంతులండీ మీరు! మీవారు పొద్దుట్నుంచీ బకెట్లు బకెట్లు ఉతుకుతూనే ఉన్నారు. మా ఆయన గ్లాసెడు నీళ్లు కూడా ముంచుకోడు."

"ఎందుకు ముంచుకోడో అడిగారా ఎప్పుడైనా?" అంది అత్తయ్య.

"నడుం నొప్పటండీ పాపం. వంగకూడదన్నారట."

అత్తయ్య భుజం మీది సంచీ దించి మెట్టు మీద పెట్టి, ఆవిడ పక్కన చోటు చూసుకుని కూర్చుంది. "ఏ డాక్టరన్నాడు?" అని అడిగింది.